మా మావ చింతచెట్టు కింద టెంట్లు



పోస్టు పెద్దదే. రాత్రి మెస్సులో భోజనం అయ్యాక తీరిగ్గా చదవండి. చివర్లో మిమ్మల్ని ఒక సాయం అడగాలి. అది అర్థం కావాలంటే మొదటినుంచీ చెప్పుకు రావాలి.

నేను వైజాగ్‌లో పీజీ రెండో ఏడాది. నవంబర్‌లో మా క్లాసువాళ్లు ట్రిప్పు వేద్దామన్నారు. బీచ్ రోజూ చూసేదే, అరకు అందరూ చూసేశారు, ఈసారి నది ఒడ్డున రెండు రోజులుందాం, టెంట్లో గానీ గుడిసెలో గానీ పడుకుందాం అని ఒకడు లేవదీశాడు. లెక్క తేలితే ఎనిమిది మందిమి. అయిదుగురు అబ్బాయిలు, ముగ్గురు అమ్మాయిలు. సంక్రాంతి సెలవులయ్యాక వెళ్లాలి, తలకి మూడు వేలు దాటకూడదు. "నీది గోదారి వైపే కదరా, మంచి చోటు నువ్వే చూడు" అని ఆ పని నా నెత్తిన పెట్టారు.

లోపల ఎంత సంబరం వేసిందో! సెమినార్ ఉందంటే వెనక బెంచీలో తల దించుకుని కూర్చునేవాణ్ని నేను. ఒక్క సంగతిలోనైనా వీడికి మాకంటే ఎక్కువ తెలుసు అని వాళ్లు ఒప్పుకున్నారు.

భయం కూడా వేసింది. వాళ్లకు నా ఊరు "రాజమండ్రి దగ్గర". మీలో కొందరు ఇదే పని చేసి ఉంటారు కాబట్టి తిట్టకండి. నా పేరు చివర రెడ్డి అని ఉంటుంది. మేం కొండరెడ్లం. చేరిన మొదటి నెలలోనే ఒకడు "మీకేంట్రా బాబూ, రెడ్లు, ఎకరాలకెకరాలు ఉంటాయి" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నా. ఆ ఒక్క నవ్వు ఏడాదిన్నర నడిచింది. స్కాలర్‌షిప్ ఫారం నింపేటప్పుడు పక్కన ఎవరూ లేకుండా చూసుకునేవాణ్ని. ఇంటినుంచి అమ్మ ఫోన్ చేస్తే వరండా చివరికి వెళ్లి మాట్లాడేవాణ్ని, మా యాస వాళ్ల చెవిన పడకుండా. ఇప్పుడు వీళ్లనే గోదారి ఒడ్డుకు తీసుకెళ్లాలి. ఎందాకా తీసుకెళ్లాలి, ఎక్కడ ఆపాలి అన్నదే నాకు అసలు లెక్క అయిపోయింది.

వారం రోజులు అందరూ ఫోన్లో ఫొటోలు పంపుకున్నారు. చివరికి మూడు మిగిలాయి.

మొదటిది పాపికొండల్లో ఇసుక మీద ఉండే వెదురు గుడిసెలు. కొల్లూరు గుడిసెలంటే మన వైపు అందరికీ తెలుసు. పడవ దిగి ఇసుకలో నడిస్తే గుడిసె, ఎదురుగా కొండ, నడుమ గోదారి. ఫోన్ సిగ్నల్ అందదు. మా అమ్మాయిల్లో ఒకరికి ఇదే నచ్చింది, సిగ్నల్ లేకపోవడమే బాగుందంది.

రెండోది మారేడుమిల్లి దాటాక వాలమూరు దగ్గర ఏటి ఒడ్డున ఉన్న జంగిల్ స్టార్ క్యాంపు. అటవీశాఖది. అది గోదారి కాదు, అడవి ఏరు. నీళ్లు మోకాటి లోతు, కొన్నిచోట్ల నడుం లోతు. వాలి సుగ్రీవులు కొట్టుకున్న చోటు ఇదేనని చెబుతారు.

మూడోది కొత్తది. పేరు రాయను. ఫోన్లో చూస్తే కళ్లు జిగేల్‌మంటాయి. తెల్లటి టెంట్లు, బల్బుల తోరణాలు, రాత్రి మంట, పాటలు, బొంగులో చికెన్. ఒక ఫొటోలో పెద్ద చింతచెట్టుకు తాళ్ల ఊయల కట్టి, ఒకమ్మాయి ఊగుతోంది. మా వాళ్లందరూ "ఇదే, ఇదే" అన్నారు.

నేను ఆ ఫొటోను రెండు వేళ్లతో పెద్దది చేసి చూశా. చెట్టు మొదట్లో రెండుగా చీలింది. చీలిక దగ్గర నల్లటి మచ్చ ఉంది, ఎప్పుడో పిడుగు పడ్డ గుర్తు. ఆ చీలికలో కాళ్లు పెట్టి ఎక్కే నేను చెట్టెక్కడం నేర్చుకున్నా. అది మా మావ చేను. అమ్మకు సొంత తమ్ముడు. చెట్టు మొదట్లో ముత్యాలమ్మ రాయి ఉండాలి, ఫొటోలో అది కనపడలేదు. ఊయల్లో కూచున్న అమ్మాయి చీర అడ్డొచ్చిందో, రాయి తీసేశారో తెలియలేదు.

మా వాళ్లతో ఏమీ అనలేదు. "ముందు నేనెళ్లి చూసొస్తా, అప్పుడు డబ్బులు కడదాం" అన్నా. చూడకుండా బుక్ చేస్తే మోసపోతామని వాళ్లూ ఒప్పుకున్నారు.

డిసెంబర్ రెండో వారం బయల్దేరా. రాజమండ్రిలో భద్రాచలం బస్సెక్కితే గోకవరం, రంపచోడవరం, మారేడుమిల్లి, ఆ తర్వాత ఘాట్ రోడ్డు, చింతూరు. దారిలోనే ఉంది కదా అని ముందు వాలమూరులో దిగా. క్యాంపులో ఎవరూ లేరు, ఒకావిడ గిన్నెలు తోముతోంది. ఏ ఊరు పెద్దమ్మా అంటే పక్క ఊరే అంది. వంటా, కాపలా అంతా చుట్టుపక్కల ఊళ్లవాళ్లదే. మరుగుదొడ్లు చూశా, శుభ్రంగా ఉన్నాయి. గుడిసెలు కొన్నే ఉన్నాయి, శని ఆదివారాలైతే ముందే చెప్పుకోవాలి. ఏరు దగ్గరకెళ్లి చూస్తే అడుగున రాళ్లు కనపడుతున్నాయి. ఈత రానివాళ్లు మాలో నలుగురున్నారు, వాళ్లకు ఇదే మేలు అనుకున్నా. ఒకటే లోటు, ఇక్కడ గోదారి లేదు. మావాళ్లు అడిగింది గోదారి.

సాయంత్రానికి చింతూరు, అక్కణ్నుంచి వీఆర్ పురం, అక్కణ్నుంచి ఆటో. మా ఊరి పేరు కూడా రాయను, మావ కోసం. నేను పుట్టినప్పుడు అది ఖమ్మం జిల్లా. 2014లో ముంపు మండలాలను ఆంధ్రాలో కలిపినప్పుడు తూర్పు గోదావరి. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. మేం మాత్రం ఉన్నచోటే ఉన్నాం. ఉంటున్నంత కాలం ఉంటాం.

మరుసటి రోజు తెల్లారి మంచులో చేను దగ్గరకెళ్లా. పది టెంట్లు. మావ ఒక ప్లాస్టిక్ కుర్చీలో మఫ్లర్ చుట్టుకుని కూచుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. అలవాటుగా లేచాడు, ఎవరో గెస్టు అనుకుని. నేనని తెలిశాక "నువ్వట్రా అల్లుడా" అని మళ్లీ కూలబడ్డాడు.

కథ ఇది. 2022 జూలై వరద మీకు గుర్తుండే ఉంటుంది. భద్రాచలం దగ్గర 71.3 అడుగులు. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు ఇస్తారు, దానికి పద్దెనిమిది అడుగుల పైన. అంతకుముందు 1986లో 75.6 అడుగులు వచ్చిందని మా తాత చెప్పేవాడు. 2022లో మా వాళ్లు కొండెక్కి టార్పాలిన్ల కింద ఉన్నారు. దిగొచ్చేసరికి ఇళ్లలో బురద, మావ చేలో మోకాటి లోతు ఇసుక మేట. ఆ ఇసుక తీయించాలంటే పంట మీద వచ్చే డబ్బులకంటే ఎక్కువ అవుతుంది. పోనీ పరిహారం తీసుకుని కాలనీకి పోదామంటే, పోలవరం మొదటి దశ గీత 41.15 మీటర్లు, మా ఊరు ఆ గీత పైన ఉందంట. 45.72 మీటర్ల గీతకు మాత్రం లోపల ఉంది. అంటే మునుగుతుంది, ఇప్పుడు కాదు. పరిహారం వస్తుంది, ఇప్పుడు కాదు. వరద మాత్రం ఏ గీతా చూడకుండా వచ్చిపోతోంది.

అప్పుడు కిందినుంచి ఒకాయన వచ్చాడు. ఇసుక మేట చూసి అందరూ అయ్యో అంటే ఆయన ఒక్కడే "భలే ఉంది" అన్నాడంట. ఏడాదికి నలభై వేలు, అయిదేళ్లు. స్టాంపు కాయితం మీద మావ వేలిముద్ర వేశాడు, సంతకం వచ్చి కూడా. ఆయన వేలిముద్రే చాలన్నాడంట. కాయితం కాపీ ఇవ్వలేదు. బోర్డు మీద ఉన్న పేరు వేరే ఊరి మన ఆదివాసీ కుర్రాడిది, వాడికి నెలకింత ఇస్తారు. మావకు నెలకు ఎనిమిది వేలు. రాత్రి కాపలా, పొద్దున టీలు, సాయంత్రం బొంగులో చికెన్. తన చేలో తనే కాపలా.

"అదేంటి మావా, లీజు చెల్లదు కదా, 1/70 ఉంది కదా" అన్నా. పుస్తకంలో చదివిన మాట నోట్లోంచి వచ్చేసింది.

మావ కోప్పడలేదు. "ఎప్పుడు మునుగుద్దో తెలీని భూమిరా. వరి వేస్తే గోదారి తీసుకుపోద్ది. వీళ్లైతే నలభై వేలిస్తన్నారు. మీ మరదలికి నర్సింగు ఫీజు నీ చట్టం కడతదా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ముత్యాలమ్మ రాయి ఏదని అడిగా. చెట్టుకు అవతలి పక్కకు జరిపారంట, ఊయలకు అడ్డమని. మావే దగ్గరుండి జరిపాడు, మొక్కుకుని, కోడిని కోసి.

ఇక్కడొక్క మాట పక్కదారి పడతా. ఇప్పుడు మనవాళ్లు చాలామంది ఊళ్లకు స్నేహితులను తీసుకెళ్తున్నారు, రీల్స్ చూసి మనల్నే చోట్లు అడుగుతున్నారు. నది ఒడ్డున బస చూసేటప్పుడు ఏం చూడాలో ఆ రోజు మావ నాకు నేర్పాడు. ఆయన టెంట్లకే ఆయన వంకలు పెట్టాడు, విచిత్రం.

చెట్టు చూడమన్నాడు ముందు. "నీళ్లు ఎందాకా వచ్చాయో మనిషిని అడగమాక, చెట్టును అడుగు." తలెత్తి చూస్తే చింతకొమ్మల పంగల్లో ఎండుగడ్డి, చిరిగిన గోనెసంచి, ఒక చెప్పు ఇరుక్కుని ఉన్నాయి. మన తలకు రెండు మూడు నిలువుల ఎత్తులో. చలికాలంలో గోదారి అంత పైకి రాదు, నిజమే. కానీ ఎగువన గేట్లెత్తినా, అకాల వాన పడినా ఇసుక తిన్నె మీదికి నీళ్లు రావడానికి పెద్ద టైం పట్టదు. అందుకని టెంటు ఎక్కడుందో కాదు, టెంటు నుంచి వెనక్కి గట్టుమీదికి రాత్రిపూట పిల్లలతో, లైటు లేకుండా ఎక్కే దారి ఉందా లేదా అన్నది చూడాలి. అక్కడ లేదు. వెనకాల ముళ్లకంచె వేశారు, ఊరివాళ్లు రాకుండా.

తర్వాత మరుగుదొడ్డి. టెంట్ల ఫొటోల్లో అది ఎప్పుడూ ఉండదు. ఇక్కడ నాలుగున్నాయి, వాటి గొయ్యి నీళ్లకు ఇరవై అడుగుల్లో తవ్వారు. దిగువన వంద గజాల్లో మా ఊరి ఆడవాళ్లు ఇసుకలో చెలమ తవ్వుకుని తాగేనీళ్లు తోడుకుంటారు. ఇసుకలో గొయ్యి తవ్వితే అందులోది ఎటు పోతుందో సైన్సు చదివిన వాళ్లకు చెప్పక్కర్లేదు. మా అత్త ఇప్పుడు ఎగువకు నడిచి వెళ్లి నీళ్లు తెస్తోంది.

పడవ సంగతి. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగినప్పుడు నేను ఇంటర్ హాస్టల్లో ఉన్నా. వరదలో ఉన్న గోదారిలో టూరిస్టు పడవ. ఒడ్డున ఉన్న మన ఆదివాసీలే నాటు పడవలేసుకుని వెళ్లి దొరికినవాళ్లను దొరికినట్టు పైకి లాగారు. ఆ పడవను బయటికి తీసేసరికి అక్టోబర్ 22 అయింది. పాపికొండల ఇరుకులో గోదారి పైకి నున్నగా కనపడుతుంది, లోపల సుడులుంటాయి. అందుకే లైఫ్ జాకెట్ ఉందా అని అడగడం కాదు, వేసుకుని బక్కిల్ పెట్టి చూడాలి. మావ క్యాంపులో పన్నెండు జాకెట్లున్నాయి, అయిదింటికి బక్కిల్స్ లేవు. చలికాలం పొద్దున్నే మంచు ఉంటుంది, ఎదుటి ఒడ్డు కనపడేదాకా పడవ కదలకూడదు. టైం అయిపోతోందని తొందరపెట్టే గెస్టులు ఉంటారు, వాళ్ల మాటకు కదిలే సరంగులూ ఉంటారు.

ఇసుకలో స్నానానికి దిగేటప్పుడు మా ఊరి పిల్లలు ఎక్కడ దిగుతున్నారో అక్కడే దిగాలి. వాళ్లు దిగని చోట కారణం లేకుండా ఉండదు.

అమ్మాయిలతో వెళ్లేవాళ్లు ఇంకోటి చూసుకోండి. రాత్రి తాగేవాళ్లను విడిగా ఉంచుతారా, అందరినీ ఒకే మంట చుట్టూ కూచోబెడతారా? మావను అడిగితే తల అడ్డంగా ఊపాడు. పోయిన నెల ఇద్దరు కొట్టుకుని ఒకడు సీసా పగలగొట్టాడంట. మర్నాడు ఇసుకలో గాజుపెంకులు ఏరింది మా అత్త.

పక్కదారి అయింది. అసలు దారికొస్తా.

ఆ రాత్రి ఇంట్లో పడుకుని ఆలోచిస్తే మూడు దారులు కనపడ్డాయి, మూడూ బాగా లేవు. మావ క్యాంపుకే తీసుకెళ్తే, ఎనిమిది మందికి ఇరవై నాలుగు వేలు ఆ కిందినాయన జేబులోకి పోతాయి. మా మావ నా స్నేహితులకు టీలు అందిస్తాడు, నేను ఆయన్ను ఎవరో అన్నట్టు చూడాలి. కొల్లూరు వైపు పోతే పడవ మీద ఆధారపడాలి, మాలో నలుగురికి ఈత రాదు. పైగా రాత్రి బస సంగతి ఎవరూ గట్టిగా చెప్పలేదు. వాలమూరు పోతే ఏ గొడవా లేదు. చక్కగా రెండు రోజులుండి, ఫొటోలు దిగి, వైజాగ్ వెళ్లిపోవచ్చు. నేను ఇంకో ఆర్నెల్లు "రాజమండ్రి దగ్గర" వాడిగానే గడిపేయొచ్చు, కోర్సు అయిపోతుంది. నిజం చెప్పాలంటే ఈ మూడో దారే నన్ను ఎక్కువ లాగింది.

పొద్దున బయల్దేరుతుంటే మావ ఆటో దాకా వచ్చాడు. "మీ వాళ్లను తీసుకొస్తావా?" అన్నాడు. చూస్తా అన్నా. కాసేపాగి, "తీసుకొస్తే నన్ను మావా అంటావా, వాచ్‌మేన్ అంటావా? ముందే చెప్పు, దానికి తగ్గట్టే ఉంటా" అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే అడిగాడు. నన్ను ఇబ్బంది పెట్టకూడదని.

బస్సులో చింతూరు నుంచి మారేడుమిల్లి దాకా ఘాట్ రోడ్డంతా ఆ మాటే.

వైజాగ్ వెళ్లాక హాస్టల్ గదిలో అందరినీ పిలిచి చెప్పేశా. మేం మీరనుకునే రెడ్లం కాదురా, కొండరెడ్లం, ఎస్టీ. ఊరు రాజమండ్రి దగ్గర కాదు. ఆ ఊయల చెట్టు మా మావది. అక్కడ మనం డబ్బు కట్టం, వాలమూరులో ఉందాం, మధ్యలో ఒక రోజు మా ఊరొచ్చి మా ఇంట్లో తిందాం. ఇలా వరసగా, అప్పజెప్పినట్టు చెప్పా. గొంతు వణికింది, ఒప్పుకుంటా.

ఒకడు "ఏడాదిన్నర ఎందుకు దాచావురా?" అన్నాడు. వాడి మొహంలో బాధే కనపడింది. ఇంకొకడు "ట్రిప్పుకు కూడా రాజకీయాలెందుకు, టెంట్లే బాగున్నాయి కదా" అన్నాడు. ఇద్దరు తర్వాత రాలేమన్నారు, ఒకడు ప్రాజెక్టు పని అన్నాడు, ఇంకొకడు ఏమీ చెప్పలేదు. చివరికి ఆరుగురం వెళ్లాం.

వాలమూరు బాగానే గడిచింది. చలి మాత్రం దంచేసింది, దుప్పట్లు ఇంకో జత తెచ్చుకోవాల్సింది. ఏట్లో ఈత రానివాళ్లే గంటలు గంటలు కూచున్నారు. దాని గురించి రాయడానికి పెద్దగా ఏం లేదు.

రెండో రోజు జీపు మాట్లాడుకుని మా ఊరెళ్లాం. అమ్మ రెండు కోళ్లు కోసింది. బొంగులు నాన్న పొద్దున్నే కొండ మీంచి పచ్చివి తెచ్చాడు. క్యాంపుల్లో ఎండు బొంగులు వాడతారు కొందరు, అవి మాడిపోయి పొగ వాసనొస్తుంది. పచ్చి బొంగైతే దాని నీళ్లకే కోడి ఉడుకుతుంది, నూనె అక్కర్లేదు. మా క్లాసమ్మాయి ఒకరు అమ్మ పక్కనే కూచుని ఆకులు మూతి బిగించడం నేర్చుకుంది. అమ్మ మాట్లాడే మాటలు కొన్ని వాళ్లకు అర్థం కాలేదు, అడిగి తెలుసుకున్నారు. నేను వరండా చివరికి వెళ్లలేదు.

మావ మధ్యాహ్నం రెండు గంటలు సెలవడిగి వచ్చాడు. నేను అందరికీ "మా మావ" అని చెప్పా. ఆయన కొంచెం సిగ్గుపడ్డాడు, లుంగీ సర్దుకుని చేతులు జోడించాడు. తింటుండగా ఫోన్ వచ్చింది. క్యాంపులో జనరేటర్ ఆగింది. సగం ముద్ద వదిలేసి లేచాడు.

సాయంత్రం గోదారి చూపించడానికి రేవుకు తీసుకెళ్లా. దారి టెంట్ల పక్కనుంచే. అక్కడ ఒక గెస్టు, మా కంటే రెండేళ్లు పెద్దవాడు ఉంటాడేమో, "ఏయ్ వాచ్‌మేన్, ఎంతసేపురా కరెంటు?" అని అరిచాడు. మావకు యాభై రెండేళ్లు. నేను ఆగా. "ఆయన మా మావ. ఈ చేను ఆయనదే. రా అనకండి" అన్నా. గట్టిగా కూడా అనలేదు. వాడు సారీ బ్రో అన్నాడు. అంతే, గొడవేం కాలేదు.

మావకు మాత్రం నచ్చలేదు. చీకటి పడ్డాక ఇంటి వెనక్కి పిలిచి "ఎందుకన్నావ్ ఆ మాట? చేను ఆయనదే అని ఎందుకన్నావ్? మాటలు ఆ ఓనరు చెవిన పడవనుకున్నావా?" అన్నాడు. ఆయన చేతులు వణకడం మొదటిసారి చూశా.

పడ్డాయి. మేం వచ్చిన నాలుగో రోజు ఆ కిందినాయన మావ దగ్గరకొచ్చి "నీ మేనల్లుడు బాగా చదువుకున్నోడంటగా" అని నవ్వుతూ అడిగాడంట. ఇంకో కాయితం తెచ్చాడు, పాతది తడిసిపోయింది, కొత్తది రాసుకుందాం అని. ఈసారి పదేళ్లు. కళ్లజోడు లేదని చెప్పి మావ వారం గడువు అడిగాడు. ఆ అబద్ధం ఆడటానికి ఆయన ఎంత కష్టపడి ఉంటాడో నాకు తెలుసు. ఆ రాత్రే నాకు ఫోన్ చేశాడు. "ఏం చెయ్యమంటావురా అల్లుడా?" అన్నాడు. చట్టం ఫీజు కడతదా అన్న మనిషే.

వేలిముద్ర వెయ్యొద్దన్నా. వెయ్యలేదు. ఇంకా వెయ్యలేదు, ఈ పోస్టు రాసే రోజుకు. ఉద్యోగం కూడా ఉంది, ఎన్నాళ్లో చెప్పలేం.

నేను ఈ నెల రోజుల్లో చదివింది ఇది. షెడ్యూల్డ్ ఏరియాలో భూమి బదిలీ చట్టం 1959 నాటి ఒకటో రెగ్యులేషన్, దాన్ని 1970లో ఒకటో రెగ్యులేషన్‌తో సవరించారు, అందుకే 1/70 అంటాం. అందులో బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు. తాకట్టు, లీజు, దానం, మార్పిడి కూడా బదిలీయే. గిరిజనేతరుడికి చేస్తే చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడిదే అయి ఉంటుందని చట్టం ముందే అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది వాళ్లే. రంపచోడవరంలో గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ కోర్టు ఉంది, అక్కడ అర్జీ పెట్టుకోవచ్చు. బెదిరిపోయి రాసిచ్చిన కాయితానికి విలువ లేదని మావకు చెప్పా. "విలువ లేకపోతే పదేళ్లకు మళ్లీ ఎందుకు రాయించుకుంటన్నాడు?" అన్నాడు. అదీ నిజమే.

కాబట్టి నాకు చట్టం సెక్షన్లు చెప్పేవాళ్లు కాదు కావాల్సింది. మీలో ఎవరి ఇంట్లోనైనా ఇలా అర్జీ పెట్టి, భూమి వెనక్కి తెచ్చుకున్నవాళ్లుంటే నాకు రాయండి. కేసు నడిచిన రోజుల్లో ఇల్లెలా గడిచింది? ఎదుటివాళ్లు ఊళ్లో మిగతావాళ్లను మీ మీదికి ఎగదోశారా? బోర్డు మీద పేరున్న మన కుర్రాడి లాంటివాణ్ని ఏం చేశారు, వాడిదీ పేదిల్లే కదా? భూమి చేతికొచ్చాక దాని మీద ఏం చేశారు? మా ఊళ్లో ముగ్గురు కుర్రాళ్లు ఉన్నారు, గట్టు మీద, వరద గీతకు పైన, మేమే నాలుగు గుడిసెలు వేసుకుని గ్రామసభ తీర్మానంతో నడుపుకుందాం అంటున్నారు. అలా నడుపుతున్న ఊరు ఎక్కడైనా ఉంటే చెప్పండి, వెళ్లి చూసొస్తాం.

కామెంట్లో పేర్లు రాయకండి, ఊరి పేరు ఊహించకండి. నాకు విడిగా మెసేజ్ పెట్టండి. వారం గడువులో నాలుగు రోజులు అయిపోయాయి.

జోహార్.